డీజిల్ కారులో డీపీఎఫ్ లైటు: నిండింది మసితోనా, బూడిదతోనా, అసలు నిండిందా?

డ్యాష్‌బోర్డు మీద డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు వెలగగానే ఫిల్టర్ పోయిందనుకుంటారు చాలామంది. ఆ లైటు చెప్పేది అది కాదు. ఫిల్టర్‌లో మసి పేరుకుందని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) లెక్కగట్టింది, దాన్ని కాల్చేయడానికి వీలు చిక్కడం లేదు. లైటుకు అర్థం ఇంతే. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్ల బాగున్న ఫిల్టర్లను తీసి పారేస్తున్నారు. కొత్తది బిగించిన కొన్ని వేల కిలోమీటర్లకే మళ్లీ అదే లైటు వెలుగుతోంది. అందుకే పానా పట్టే ముందు మూడు సంగతులు వరసగా తేల్చుకోవాలి. ఫిల్టర్ నిజంగా నిండిందా? నిండితే మసితోనా, బూడిదతోనా? మసే అయితే ఇంజిన్ దాన్ని ఎందుకు కాల్చుకోలేకపోయింది? మూడో ప్రశ్నకు జవాబు దొరకకుండా చేసిన ఏ రిపేరూ నిలవదు.

లోపల జరిగేది

డీపీఎఫ్ అంటే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) దాటాక పొగ గొట్టంలో ఉండే స్టీలు డబ్బా అది. లోపల సిలికాన్ కార్బైడ్‌తోనో కార్డియరైట్‌తోనో చేసిన పింగాణీ దిమ్మె ఉంటుంది. దిమ్మె నిండా తేనెపట్టులా సన్నటి గొట్టాలు. ఒక గొట్టం ముందు తెరుచుకుని వెనక మూసుకుపోయి ఉంటే, దాని పక్కది ముందు మూసుకుని వెనక తెరుచుకుని ఉంటుంది. లోపలికి వచ్చిన పొగకు నేరుగా బయటికి దారి లేదు. గొట్టం గోడలో కంటికి కనిపించని రంధ్రాల గుండా పక్క గొట్టంలోకి దూరి పోవాల్సిందే. అలా పోయేటప్పుడు మసి గోడకు పట్టుకుంటుంది. 2000లో ప్యూజో 607తో మొదలై, కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ ఈ డబ్బా కొత్త డీజిల్ కార్లలో చాలావాటికి తప్పనిసరి భాగమైపోయింది.

ఫిల్టర్ బాగుందో లేదో స్కానర్ (ఈసీయూలోని కోడ్‌లు, అంకెలు చదివే సాధనం) లేకుండానే కొంత తెలుస్తుంది. ఇంజిన్ చల్లారాక సైలెన్సర్ కొసలో వేలు పెట్టి తుడిచి చూడాలి. ఫిల్టర్ సరిగ్గా పనిచేస్తున్న కారులో లక్ష కిలోమీటర్లు తిరిగాక కూడా వేలికి నల్లగా అంటదు. కాటుకలా మసి అంటిందంటే దిమ్మె ఎక్కడో పగిలి ఉంటుంది, లేదా పాత యజమాని లోపలి దిమ్మెను తీయించేసి ఉంటాడు. సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొనేవాళ్లు చేయాల్సిన మొదటి పరీక్ష ఇదే.

పట్టుకున్న మసి రెండు రకాలుగా కాలుతుంది. లోడుతో దూరం పోతున్నప్పుడు పొగ వేడి 250 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే, ఫిల్టర్‌కు ముందున్న ఆక్సిడేషన్ క్యాటలిస్ట్‌లో తయారయ్యే నైట్రోజన్ డయాక్సైడ్ మసిని నెమ్మదిగా తినేస్తుంది. దీనికి ఈసీయూ ప్రత్యేకంగా చేసేదేమీ ఉండదు. ఇది చాలనప్పుడు ఈసీయూ తానే రంగంలోకి దిగుతుంది. ఆక్సిజన్‌తో మసి అంటుకోవాలంటే 550 నుంచి 650 డిగ్రీలు కావాలి. డీజిల్ పొగ మామూలు నడకలో అంత వేడెక్కదు. కాబట్టి సిలిండర్‌లో మంట అయిపోయాక, పిస్టన్ కిందికి దిగుతున్న సమయంలో ఇంజెక్టర్ మరికొంచెం డీజిల్ చల్లుతుంది. ఆ డీజిల్ అక్కడ కాలకుండా పొగతో పాటు క్యాటలిస్ట్‌ దాకా వెళ్లి అక్కడ కాలుతుంది. ఆ వేడే ఫిల్టర్‌లో మసిని అంటిస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు, గ్యారేజీల్లో రీజెన్ అనేస్తారు. పూర్తి కావడానికి సాధారణంగా 10 నుంచి 25 నిమిషాలు పడుతుంది.

రీజెన్ జరుగుతున్నప్పుడు గుర్తుపట్టడం నేర్చుకున్న డ్రైవరుకు సగం సమస్యలు దగ్గరికే రావు. ఐడ్లింగ్ 800 నుంచి 1000 ఆర్‌పీఎం దాకా లేస్తుంది, స్టార్ట్-స్టాప్ పనిచేయదు, తక్షణ మైలేజీ పడిపోతుంది, సైలెన్సర్ శబ్దం కాస్త బొంగురుపోతుంది. ఇంజిన్ ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ హోరుమని తిరుగుతూనే ఉంటుంది, కారు దగ్గర కాలిన లోహపు వాసన వస్తుంది. ఈ గుర్తులు కనిపిస్తున్నప్పుడు ఇంటికి చేరిపోయామని తాళం తిప్పేయకుండా మరో పది పదిహేను నిమిషాలు నడపడం మంచిది. మధ్యలో ఆగిన ప్రతి రీజెన్‌కూ రెండు నష్టాలు. మసి కాలకుండా మిగిలిపోతుంది. అదనంగా చల్లిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీంచి రింగులు దాటి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది.

నిజంగా నిండిందా?

స్కానర్ పెట్టగానే పీ2463 అని కోడ్ వస్తే మసి ఎక్కువైందని అర్థం. పీ242ఎఫ్ అయితే బూడిద ఎక్కువైందని. పీ2002 ఫిల్టర్ వడకట్టే పని సరిగ్గా చేయడం లేదంటుంది. పీ2452 నుంచి పీ2455 దాకా ఉన్నవి ఫిల్టర్ గురించి కావు, ఫిల్టర్‌కు ముందూ వెనకా ప్రెషర్ తేడాను కొలిచే డిఫరెన్షియల్ ప్రెషర్ సెన్సార్ గురించి. వీటి పక్కన ఈజీఆర్ (కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వ్), టర్బో, గ్లో ప్లగ్, పొగ ఉష్ణోగ్రత సెన్సార్ల కోడ్‌లు ఏమైనా ఉంటే ముందు వాటి సంగతే చూడాలి. చాలా కార్లలో అలాంటి కోడ్ ఒక్కటి ఉన్నా ఈసీయూ రీజెన్‌కు అనుమతే ఇవ్వదు. కోడ్‌లన్నీ రాసుకోకుండా చెరిపేయడం ఇక్కడ జరిగే మొదటి తప్పు.

ఫిల్టర్‌లో ఎంత మసి ఉందో తూచే సాధనం కారులో లేదు. ఈసీయూ రెండు దారుల్లో అంచనా వేస్తుంది. ఇంజిన్ నడిచిన తీరును బట్టి ఎంత మసి పుట్టి ఉంటుందో ఒక లెక్క. ఫిల్టర్‌కు ముందూ వెనకా ప్రెషర్ తేడాను బట్టి ఇంకో లెక్క. కొన్ని కార్లలో స్కానర్ ఈ రెంటినీ వేర్వేరుగా గ్రాముల్లో చూపిస్తుంది. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే నమ్మవచ్చు. నడక లెక్కలో చాలా ఎక్కువా, ప్రెషర్ లెక్కలో దాదాపు సున్నా ఉంటే సెన్సార్ పైపు లీకవుతోందో, దిమ్మె పగిలిందో చూడాలి. ప్రెషర్ లెక్క మాత్రమే ఎక్కువగా ఉంటే అనుమానం బూడిద మీదికో, సెన్సార్ మీదికో పోవాలి.

ఈ సెన్సార్ చిన్నదే గానీ, మొత్తం కథ దాని చేతిలో ఉంది. ఫిల్టర్ డబ్బా నుంచి రెండు సన్నటి స్టీలు గొట్టాలు పైకి వచ్చి, చివర జానెడు రబ్బరు పైపులతో సెన్సార్‌కు కలుస్తాయి. ఆ రబ్బరు ఏళ్ల తరబడి వేడికి ఎండి గట్టిపడుతుంది. పైనుంచి చూస్తే బాగానే ఉంటుంది. క్లాంపు వదులు చేసి, పైపును బొటనవేలితో వంచితే అప్పుడు కనిపిస్తుంది వెంట్రుకంత చీలిక. ముందువైపు పైపులో ఆ చీలిక ఉంటే ప్రెషర్ అక్కడే బయటికి పోయి, సెన్సార్ తక్కువ చూపిస్తుంది. ఈసీయూ ఫిల్టర్ ఖాళీగా ఉందనుకుంటుంది. రీజెన్లు వెనకబడి, లోపల మసి పెరిగిపోతూ ఉంటుంది. పైపు లోపల మసీ నీటి చుక్కలూ కలిసి ముద్దకట్టి అడ్డుపడటం కూడా మామూలే. పైపులు సెన్సార్ వైపు విప్పి, ఫిల్టర్ వైపు తక్కువ ప్రెషర్ గాలి కొట్టి దారి ఉందో లేదో చూడాలి. సెన్సార్ తగిలి ఉండగా గాలి కొడితే లోపలి పొర చిరిగిపోతుంది. తిరిగి తగిలించేటప్పుడు పైపులు అటూ ఇటూ మారితే రీడింగ్ మైనస్‌లో వస్తుంది. అందుకే విప్పే ముందు ఒకదానికి టేపు చుట్టి గుర్తు పెట్టుకోవాలి.

సెన్సార్‌ను పరీక్షించడం తేలిక. తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా రీడింగ్ చూడాలి. సున్నా ఉండాలి, ఒకటి రెండు మిల్లీబార్ల తేడా ఉంటే ఫర్వాలేదు. గాలే కదలని చోట 15 మిల్లీబార్లు చూపిస్తోందంటే ఆ అబద్ధం ప్రతి రీడింగ్‌లోనూ కలుస్తుంది, ఈసీయూ అనవసరంగా రీజెన్లు చేస్తుంది. కరెంటు వైపు చూస్తే మూడు వైర్లు: 5 వోల్టుల సరఫరా, ఎర్త్, సిగ్నల్. ప్రెషర్ లేనప్పుడు సిగ్నల్ సాధారణంగా 0.5 నుంచి 1 వోల్టు మధ్య ఉంటుంది. చేతిపంపుతో కొంచెం ప్రెషర్ ఇస్తే అది ఒకే తీరున పెరగాలి, వదిలితే మొదటి చోటుకు రావాలి.

సెన్సార్ నిజమే చెబుతోందని తేలాక ఇంజిన్ పూర్తిగా వేడెక్కనిచ్చి రీడింగులు తీయాలి. ఐడ్లింగ్‌లో 10 మిల్లీబార్లకు లోపు ఉండటం మామూలు. అయితే ఐడ్లింగ్‌లో పొగ ప్రవాహం చాలా తక్కువ కాబట్టి, సగం మూసుకుపోయిన ఫిల్టర్ కూడా అక్కడ మంచి రీడింగే ఇవ్వవచ్చు. 2500 నుంచి 3000 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచినప్పుడే అసలు రంగు బయటపడుతుంది. అక్కడ కొన్ని పదుల మిల్లీబార్లు ఉండటం సహజం. లోడు లేకుండా నిలబడి ఉన్న కారులో 100 మిల్లీబార్లు దాటితే దారి మూసుకుపోయినట్టే. ఇవి మోటు కొలతలు. ఆ ఇంజిన్‌కు తయారీదారు ఇచ్చిన విలువ దొరికితే దాన్నే పట్టుకోవాలి.

మసి, బూడిద

పొయ్యిలో మిగిలిన బూడిదను మళ్లీ ఎంత మంట పెట్టినా కాల్చలేం. ఫిల్టర్‌లోనూ అంతే. మసి కార్బన్ కాబట్టి కాలిపోతుంది. బూడిద ఇంజిన్ ఆయిల్‌లో కలిపే కాల్షియం, మెగ్నీషియం, జింక్, ఫాస్ఫరస్ వంటి పదార్థాల నుంచి వస్తుంది. ఆయిల్ కొద్దికొద్దిగా కాలినప్పుడల్లా అవి ఫిల్టర్‌లో చేరి, మూసి ఉన్న వెనక కొసల దగ్గర గట్టిగా సర్దుకుంటాయి. ఎన్ని రీజెన్లు చేసినా అవి కదలవు.

ఆయిల్ ఎంపిక ఇక్కడ ఎంత పని చేస్తుందో ఒక లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక కారు 10,000 కిలోమీటర్లకు ఒక లీటరు ఆయిల్ తాగుతోందనుకుందాం. లక్ష కిలోమీటర్లకు 10 లీటర్లు, అంటే దాదాపు 8.5 కిలోలు. యూరప్ కార్ల తయారీదారుల సంఘం (ఏసీఈఏ) సీ3 తరగతి ఆయిల్‌లో సల్ఫేటెడ్ యాష్ (కాల్చాక మిగిలే బూడిద) 0.8 శాతానికి మించకూడదు. ఆ లెక్కన గరిష్ఠంగా 68 గ్రాముల బూడిద. ఏ3/బీ4 తరగతిలో ఈ యాష్ 1.6 శాతం దాకా ఉండవచ్చు. 1.5 శాతమే అనుకున్నా 127 గ్రాములు దాటుతుంది. ఇందులో అంతా ఫిల్టర్‌కు చేరదు, అయినా నిష్పత్తి మాత్రం మారదు. అంటే తప్పు ఆయిల్ పోస్తే ఫిల్టర్ ఆయుష్షు సగానికి పడిపోతుంది. చిక్కదనం అంకెలు సరిపోయాయి కదా అని పోయడం కాదు, డబ్బా వెనక సీ1, సీ2, సీ3, సీ4 లాంటి తరగతుల్లో ఆ కారుకు చెప్పినది రాసి ఉందో లేదో చదవాలి.

రెంటినీ వేరు చేయడానికి నమ్మదగ్గ పద్ధతి ఒకటుంది. రీజెన్ పూర్తయిన వెంటనే, మసి విలువ బాగా తగ్గాక, అదే ఆర్‌పీఎంలో ప్రెషర్ చూడాలి. మసి తగ్గి ప్రెషర్ కూడా దిగితే సమస్య మసిదే. మసి పోయినా ప్రెషర్ అలాగే మొండికేస్తే అది బూడిద. సక్రమంగా చూసుకున్న కారులో బూడిద గొడవ సాధారణంగా లక్షన్నర కిలోమీటర్లు దాటాకే వస్తుంది. 60,000 కిలోమీటర్లకే వచ్చిందంటే ఆయిల్‌నో, ఆయిల్ తాగుతున్న టర్బోనో ప్రశ్నించాలి.

ఎందుకు కాలలేదు?

అన్నిటికంటే మామూలు కారణం చిన్న ప్రయాణాలు. ఐదారు కిలోమీటర్లు పోయి ఆగే కారులో కూలెంట్ వేడెక్కేలోపే ఇంజిన్ ఆగిపోతుంది, రీజెన్‌కు అవకాశమే రాదు. కానీ ప్రతి కేసునూ దీని మీదికే నెట్టేయడం సోమరితనం. రోజూ దూరాలు తిరిగే కారులోనూ ఫిల్టర్ నిండుతోందంటే ఇంజిన్ మసి ఎక్కువ పుట్టిస్తోంది, లేదా వేడి చేరడం లేదు.

మసి ఎక్కువ పుట్టడానికి గాలి తక్కువ కావడమో, డీజిల్ ఎక్కువ కావడమో కారణం. టర్బో నుంచి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు పోయే పెద్ద పైపుల్లో చీలిక ఉంటే కొలిచిన గాలి మధ్యలోనే పోతుంది. చీలిక దగ్గర ఆయిల్ తడి, దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి చార కనిపిస్తుంది. ఈజీఆర్ వాల్వ్ పూర్తిగా మూసుకోకపోతే కాలిన పొగే మళ్లీ లోపలికి వచ్చి మసి బాగా పెరుగుతుంది. స్కానర్‌లో వాల్వ్‌కు ఇచ్చిన ఆజ్ఞనూ, అది ఉన్న స్థానాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే దొరికిపోతుంది. కారుతున్న ఇంజెక్టర్‌ను ఐడ్లింగ్‌లో కరెక్షన్ విలువలు పట్టిస్తాయి. మిగతావన్నీ సున్నా చుట్టూ ఉండి ఒకటి మాత్రం స్ట్రోక్‌కు రెండు మూడు మిల్లీగ్రాములు పక్కకు జరిగి ఉంటే దాన్ని విప్పి చూడాల్సిందే.

వేడి చేరకపోవడానికి పెద్ద దొంగ కూలెంట్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ వాల్వ్. అది తెరుచుకుని ఇరుక్కుపోతే ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది, డ్రైవరుకు ఏ తేడా తెలియదు. కానీ 88, 90 డిగ్రీల దగ్గర నిలవాల్సిన కూలెంట్ హైవే మీద 65, 70కి జారిపోతుంది, చాలా కార్లలో రీజెన్ మొదలుకాదు. డ్యాష్‌బోర్డు ముల్లును నమ్మవద్దు, చాలావాటిలో అది కొంత పరిధి వరకు మధ్యలోనే నిలబడేలా చేసి ఉంటారు. స్కానర్‌లో అంకె చూడాలి. థర్మోస్టాట్ మార్చిన తర్వాత ఫిల్టర్ దానంతట అదే కోలుకున్న కార్లు లెక్కలేనన్ని.

రీజెన్ మొదలవుతోంది గానీ పూర్తి కావడం లేదంటే ఉష్ణోగ్రత సెన్సార్ల అంకెలు గ్రాఫ్‌లో పెట్టి చూడాలి. క్యాటలిస్ట్‌కు ముందు 350, 400 ఉంటే, దాటాక 600కి చేరాలి. రెండూ ఒకే చోట నడుస్తుంటే అదనపు డీజిల్ రావడం లేదు, లేదా క్యాటలిస్ట్ చచ్చిపోయింది. రాత్రంతా ఆపి ఉంచిన కారులో ఉష్ణోగ్రత సెన్సార్లన్నీ బయటి గాలి వేడినే చూపించాలి. ఒకటి తేడాగా ఉంటే అదే దోషి. ట్యాంకులో డీజిల్ రిజర్వ్‌కు దగ్గరైనా చాలా కార్లు రీజెన్ చేయవు. ప్యూజో, సిట్రోయెన్ కార్లలో చాలావాటికి మసి తేలికగా కాలేందుకు డీజిల్‌లో కలిసే మందుకు వేరే ట్యాంకు ఉంటుంది. అది అయిపోయిందేమో చూడాలి.

సరిచేయడం

లైటు ఇప్పుడే వెలిగి, చెక్ ఇంజిన్ లైటు లేకుండా, పికప్ మామూలుగా ఉంటే కారును రోడ్డెక్కించడమే వైద్యం. ఒక గేరు తక్కువలో, 2000 నుంచి 2500 ఆర్‌పీఎం తగ్గకుండా 20 నుంచి 30 నిమిషాలు ఆగకుండా నడపాలి. లైటు మిణుకుమంటున్నా, కారు తన శక్తిని తానే తగ్గించుకుని నడిచే లింప్ మోడ్‌లోకి పోయినా ఈ దారి మూసుకుపోయినట్టే. ఇంకా లాగితే నష్టం పెరుగుతుంది.

తర్వాతి మెట్టు స్కానర్‌తో బలవంతపు రీజెన్. దీనికి ముందు డిప్‌స్టిక్ తీసి చూడటం తప్పనిసరి. ఆయిల్ మ్యాక్స్ గీత దాటి పైకి వచ్చి, వేళ్ల మధ్య రుద్దితే నీళ్లలా జారి డీజిల్ వాసన కొడితే ముందు ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చాలి. అలాగే వదిలేస్తే బేరింగులు అరుగుతాయి. మట్టం మరీ పెరిగితే ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా పీల్చుకుని, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం కూడా ఉంది. మసి విలువ తయారీదారు పెట్టిన హద్దు దాటి ఉంటే బలవంతపు రీజెన్ అసలు చేయకూడదు. అంత మసి ఒక్కసారిగా అంటుకుంటే లోపలి వేడి 1000 డిగ్రీలు దాటి దిమ్మె పగులుతుంది, కరుగుతుంది. హద్దులోపల ఉంటే, ట్యాంకులో కనీసం పావువంతు డీజిల్‌తో, బానెట్ తెరిచి, ఆరుబయట గట్టి నేల మీద చేయాలి. సైలెన్సర్ కింద ఎండుగడ్డి, వెనక ప్లాస్టిక్ సామాను ఉండకూడదు, అగ్నిమాపక సిలిండర్ చేతికందేలా ఉండాలి. పని అరగంట పట్టవచ్చు. ఆ కాసేపూ కారును వదిలి పోకూడదు.

హద్దు దాటినా, బూడిద అని తేలినా ఫిల్టర్ విప్పాల్సిందే. సెన్సార్ రంధ్రంలోంచి రసాయనం కొట్టి కడిగే పద్ధతి మసిని కొంత వదులు చేస్తుంది. బూడిద మాత్రం వెనక కొసల్లోనే ఉండిపోతుంది, ఎందుకంటే అది లోపలికి వచ్చిన దారినే బయటికి రావాలి. అందుకే సరైన శుభ్రత ఎప్పుడూ వెనక నుంచి ముందుకు సాగుతుంది. ఓవెన్‌లో నెమ్మదిగా 600 డిగ్రీల దాకా వేడెక్కించి, కొన్ని గంటలు ఉంచి, నెమ్మదిగా చల్లార్చి, వెనకవైపు నుంచి గాలి కొడతారు. లేదా ప్రత్యేక యంత్రంలో నీటిని ఎదురు దిశలో పంపి, పూర్తిగా ఆరబెడతారు. కార్లు కడిగే ప్రెషర్ వాషర్‌ను దగ్గరగా పెట్టి కొడితే దిమ్మె గోడలు దెబ్బతింటాయి, ఘాటు ఆమ్లాలు ప్లాటినం పూతను పాడుచేస్తాయి. పని చేసినవాళ్లను రెండు అంకెలు అడగాలి: శుభ్రతకు ముందు ఫిల్టర్ బరువు, పూర్తిగా ఆరాక బరువు. ఆ అంకెలు ఇవ్వలేనివాళ్లకు లోపలి నుంచి ఎంత పోయిందో తెలియనట్టే.

పగిలిన, కరిగిన ఫిల్టర్‌కు శుభ్రత పనికిరాదు, మార్చాలి. మార్చినా, శుభ్రం చేసినా ఈసీయూలో మసి, బూడిద విలువలు రీసెట్ చేయాలి. చేయకపోతే పాత బూడిద ఇంకా ఉందనుకుని మాటిమాటికీ రీజెన్ పెడుతుంది. శుభ్రం చేయకుండా రీసెట్ ఒక్కటే చేయడం ఇంతకంటే ప్రమాదం. నిండిన ఫిల్టర్‌ను ఈసీయూ ఖాళీ అని నమ్మి, దాని మీద మరో విడత మసిని పేరుస్తుంది. దిమ్మెను తీసేసి ఖాళీ డబ్బా బిగించడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ కారు వెనక నడిచే పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోయేది ఈ డబ్బా ఆపాల్సిన మసే.

పని అయ్యాక కారు చేతికి ఇచ్చేముందు 2500 ఆర్‌పీఎంలో ప్రెషర్ ఎంతో, ఆ రోజు ఓడోమీటర్ ఎంతో కాగితం మీద రాసి పెట్టుకోవాలి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక అదే వేడిలో, అదే ఆర్‌పీఎంలో మళ్లీ చూడాలి. స్కానర్‌లో చివరి రీజెన్ తర్వాత తిరిగిన దూరం కూడా ఉంటుంది. నడకను బట్టి 300 నుంచి 800 కిలోమీటర్లకోసారి రీజెన్ జరుగుతుంటే ఇంజిన్ తన పని తాను చేసుకుంటోంది. 150కి ఒకసారి అడుగుతోందంటే మసి పుట్టించేది ఇంకా దొరకలేదు. మళ్లీ గాలి పైపుల దగ్గర్నుంచి, ఈజీఆర్ దగ్గర్నుంచి వెతకడం మొదలుపెట్టాలి.